అమ్మ జపమాలకు చేయించిన మరమ్మతు

మా అమ్మ నలభై ఏళ్లకు పైగా చేతపట్టి ప్రార్థించిన కతోలిక జపమాల (రోజరీ), ఆమె పోయిన తరువాత మూడుచోట్ల తెగిన స్థితిలో నాకు దక్కింది. బాగుచేయించి వాడుకోవాలా, ఉన్నది ఉన్నట్టు పెట్టెలో భద్రపరచాలా అన్న సందేహంలోనే రెండేళ్లు గడిచిపోయాయి. చివరికి పాత జపమాలలను మరమ్మతు చేయడమే పనిగా పెట్టుకున్న ఒక చిన్న సంస్థకు పార్సిల్‌లో పంపాను. తొమ్మిది వారాలకు అది తిరిగి నా చేతికి వచ్చింది. ఆరు నెలలుగా ప్రతి సాయంత్రం దానితోనే జపమాల చెప్పుకుంటున్నాను కాబట్టి ఆ పని ఎలా ఉందో ఇప్పుడు నమ్మకంగా రాయగలను. వారి పనితనంతో పాటు వారు చేసిన ఒక పొరపాటును కూడా ప్రస్తావించవలసి ఉంది గనుక సంస్థ పేరు రాయడం లేదు. తల్లిదండ్రుల జపమాలను ఎవరి చేతికైనా అప్పగించే ముందు ఏం అడగాలో, ఏం చెప్పాలో తెలిస్తే చాలు, పేరు లేకపోయినా ఈ సమీక్ష ఉపయోగపడుతుందని నా ఆశ.

ఆ సంస్థ మీద నాకు మొదట గౌరవం కలిగించినది వారు నింపమని పంపిన పత్రం. పూసలు ఎన్ని ఉన్నాయి, అవి చెక్కవా గాజువా, తీగతో అల్లినదా దారంతో ముడివేసినదా, ఎక్కడెక్కడ తెగింది అన్న మామూలు ప్రశ్నల తరువాత మరో రెండు ఉన్నాయి. ఈ జపమాలను ఇకమీదట ప్రార్థనకు వాడతారా, జ్ఞాపకంగా దాచుకుంటారా అన్నది ఒకటి. దీనిలో మేము ముట్టుకోకూడనిది ఏదైనా ఉందా, ఉంటే ఎందుకో రాయండి అన్నది రెండవది. దాని కింద రెండు గీతల ఖాళీ మాత్రమే ఇచ్చారు. నేను విడిగా మూడు పేజీలు రాసి జతచేయవలసి వచ్చింది. అమ్మ గురించి అంతకుముందు నేనెన్నడూ ఏమీ రాయలేదు. ఆమె ఆత్మశాంతి కోసం చర్చిలో పూజ చెప్పించిన రోజున నాలుగు మాటలు మాట్లాడమంటే గొంతు పెగలక కూర్చుండిపోయాను. అలాంటిది ఒక మరమ్మతు పత్రంలోని ప్రశ్నకు జవాబు రాస్తూ, ఏ పూస ఎందుకు అలా ఉందో చెప్పబోయి, ఆమె బతుకంతా రాసుకుంటూ పోయాను.

జపమాల వాడుక లేనివారి కోసం కొంచెం వివరిస్తాను. ఐదు పదుల (పదేసి పూసల వరుసలు ఐదు ఉన్న) జపమాలలో 59 పూసలుంటాయి. సిలువను పట్టుకుని విశ్వాస సంగ్రహం అనే ప్రార్థనతో మొదలుపెడతాము. పరలోక జపానికి (యేసు నేర్పిన ప్రార్థన) 6 పూసలు, మంగళవార్త జపానికి (మరియమాతకు చెప్పే ప్రార్థన) 53. సిలువకు దగ్గరగా వేలాడే భాగంలోని మూడు చిన్న పూసలు విశ్వాసం, నిరీక్షణ, ప్రేమ అనే మూడు సుగుణాలను వేడుకోవడానికి. అక్కడి నుంచి మరియమాత పతకం దాటితే గుండ్రంగా ఐదు పదులు. అమ్మది ముదురు గోధుమరంగు చెక్క పూసల జపమాల. ఒక్కొక్క పూసలోంచి ఇత్తడి తీగ దూర్చి, రెండు కొసలనూ కొక్కేలుగా వంచి, ఒకదానికొకటి తగిలించి చేసినది. పెళ్లికి ముందు తన మొదటి సంపాదనతో కొనుక్కుని, విచారణ గురువుల (స్థానిక చర్చి ఫాదరు) చేత ఆశీర్వదింపజేసుకున్నానని చెప్పేది. నేను పంపే నాటికి అందులో 56 చెక్క పూసలు, ఒక గుండీ, రెండు ఖాళీలు ఉన్నాయి.

అమ్మ కుట్టుపని చేసేది. నాన్న జబ్బుపడి పని మానేసేనాటికి మేము ముగ్గురు పిల్లలం. చిన్నవాడికి ఇంకా మాటలు రాలేదు. కాలితో తొక్కే మిషను ఒక్కటే ఇంటికి ఆధారమైంది. మేము లేవకముందే మొదలయ్యే దాని చప్పుడు మేము పడుకున్నాక కూడా వినిపిస్తూ ఉండేది. చేతులు రెండూ గుడ్డ మీద ఉండగా జపమాల పట్టుకోవడం కుదరదు. అందుకని అమ్మ దానిని మిషను మీద దారపు రీలు గుచ్చే పుల్లకు తగిలించేది. ఒక కుట్టు పూర్తిచేసి, సూది పైకెత్తి, గుడ్డను రెండవ వైపుకు తిప్పుకునే ఆ కాస్త వ్యవధిలో బొటనవేలితో ఒక పూసను కిందికి జరిపేది. పెదవులు కదులుతూనే ఉండేవి. లంగా అంచు లాంటి పొడవైన కుట్టుకు ఒక మంగళవార్త పూర్తయ్యేది. చేతి పట్టీ లాంటి చిన్న కుట్టయితే జపం సగంలో ఆగి, తరువాతి కుట్టుతో ముగిసేది. పని చేస్తూ చెప్పే జపం జపమే కాదని బంధువుల్లో ఒకావిడ ఆమె ముఖానే అంది. "నాకున్న చేతులు ఇవే కదా వదినా" అని అమ్మ తిరిగి మిషను తొక్కింది. ఆదివారం మాత్రం దివ్యపూజకు బయలుదేరే ముందు మిషను మీద దుప్పటి కప్పేది. ఎవరి పెళ్లి బట్టలు ఎంత తొందరలో ఉన్నా సోమవారం తెల్లవారేదాకా ఆ దుప్పటి తీయలేదు.

పార్సిల్ అందిన నాలుగవ రోజున మరమ్మతు చేసే ఆవిడ స్వయంగా ఫోన్ చేశారు. "పూసలు ఒక వైపు నూనె పీల్చుకుని ఉన్నాయండి. మిషను నూనె వాసన వస్తోంది. చెక్కను సబ్బునీళ్లలో నానబెట్టకూడదు, తడికి ఉబ్బి పగులుతుంది. పొడిగుడ్డతో తుడిచి కొద్దిగా మైనం పట్టిస్తే శుభ్రపడతాయి, వాసన కూడా పోతుంది. చేయమంటారా, అలాగే ఉంచమంటారా?" అని అడిగారు. నాకు వెంటనే జవాబు రాలేదు. ఆ వాసన ఉన్నదన్న సంగతే నేను గమనించలేదు. నా మట్టుకు అది మా ఇంటి వాసన. ఉంచమన్నాను. ఆవిడ ఇంకొక మాట కూడా చెప్పారు: మొదటి రెండు పదుల పూసలు అరిగినంతగా ఐదవ పది పూసలు అరగలేదట. ఎందుకో నాకు తెలుసు. అమ్మ జపం మొదలుపెట్టగానే ఎవరో ఒకరు కొలతలు ఇవ్వడానికో, పాత రవిక వదులు చేయించుకోవడానికో వచ్చేవారు. వారు వెళ్లాక ఎక్కడ ఆపిందో గుర్తులేక మళ్లీ మొదటి పది నుంచే మొదలుపెట్టేది. కొన్ని రోజులు ఐదవ పదికి చేరనేలేదేమో. పూసల అరుగుదలను బట్టి ఒక మనిషి దినచర్యను అంత దగ్గరగా చూడగల పనివారి చేతిలో ఆ వస్తువు పడినందుకు నేను దేవునికి కృతజ్ఞతలు చెప్పుకున్నాను.

జపమాలను అమ్మ దాచుకునే గుడ్డసంచిలోనే పెట్టి పంపాను. అందులో మడతపెట్టిన కాగితం ఒకటి ఉందని నాకు తెలియదు. ఒక్కో పది చెప్పుకుంటూ ధ్యానించే యేసు, మరియల జీవిత ఘట్టాలను దేవరహస్యాలంటారు. జపమాలకు సంతోష, దుఃఖ, మహిమ దేవరహస్యాలని ఐదేసి చొప్పున మూడు వరుసలే ఉండగా, 2002 అక్టోబరులో రెండవ జాన్ పాల్ పోపుగారు వెలుగు దేవరహస్యాలు ఐదింటిని చేర్చి వాటిని గురువారానికి సూచించారు. అంతవరకు గురువారం సంతోష దేవరహస్యాలు చెప్పుకునే అలవాటున్న అమ్మ, కొత్తవి నోటికి వచ్చేదాకా చూసి చెప్పుకోవడానికి వాటిని గుడ్డ కత్తిరించే నమూనా కాగితం ముక్క మీద పెన్సిలుతో రాసి గోడకు గుచ్చుకుంది. యోర్దానులో యేసు బాప్తిస్మం, కానా పెళ్లి, దైవరాజ్య ప్రకటన, దివ్యరూపధారణ (యేసు కొండమీద తేజోరూపంలో కనిపించడం), దివ్యసత్ప్రసాద (పూజలో స్వీకరించే పవిత్ర అప్పం) స్థాపన. రెండవ దాని కింద ఒక గీత. కానా పెళ్లిలో ద్రాక్షరసం అయిపోయిందని ఎవరూ మరియతల్లితో చెప్పలేదనీ, ఆమే చూసి కుమారునితో చెప్పిందనీ అమ్మ చాలాసార్లు మాతో అనేది. అడగకముందే చూడటం ఆమెకు అన్నిటికన్నా పెద్ద సంగతి. ఆ కాగితం మరమ్మతు చేసేవారికి ఏమాత్రం సంబంధం లేనిది. అయినా దానిని మడతల దగ్గర చిరిగిపోకుండా చదునుచేసి, రెండు అట్టముక్కల మధ్య పెట్టి, "ఇది సంచిలో ఉంది" అని చిన్న చీటీ రాసి పంపారు. దీనికి విడిగా ఏమీ వసూలు చేయలేదు.

అసలు మరమ్మతులో చిక్కంతా దారాల దగ్గర వచ్చింది. తీగ తెగినప్పుడల్లా అమ్మ దానిని ఎవరికీ ఇచ్చేది కాదు. ఆ సమయానికి మిషను మీద ఏ దారం ఉంటే ఆ దారంతోనే రెండు పూసలను కలిపి ముడివేసేది. అలా నాలుగుచోట్ల నాలుగు రంగులు ఉన్నాయి: ఎరుపు, తెలుపు, ముదురు ఆకుపచ్చ, ఒకటి ఏ రంగో చెప్పలేనంత వెలిసినది. వాటిని ముట్టుకోవద్దని నేను పత్రంలో గట్టిగా రాశాను. మరమ్మతు చేసే ఆవిడ నా కోరికను కాదనలేదు, అలాగని గుడ్డిగా ఒప్పుకోనూ లేదు. నూలుదారం పాతబడితే బరువు మోయదనీ, రోజూ వాడదలచుకుంటే ఏడాది తిరక్కుండా అక్కడే తెగుతుందనీ చెప్పి, ముడికి ఆనుకుని కొత్త తీగ లింకు ఒకటి వేస్తే లాగుడంతా దాని మీద పడుతుందనీ, దారం ఊరికే చుట్టుకుని ఉంటుందనీ సూచించారు. అలాగే చేశారు. మూడు ముడులు చెక్కుచెదరకుండా మిగిలాయి. వెలిసిన నాలుగవది మాత్రం పనిలో ఉండగా పొడిపొడిగా రాలిపోయిందని ఫోటో తీసి పంపి, రాలిన నూలుపోగులను కాగితంలో పొట్లం కట్టి జతచేశారు. దాచిపెట్టి అదే రంగు దారం కట్టి ఉంటే నేను కనిపెట్టగలిగేదాన్ని కాదు. ఈ నిజాయితీకి నేను ఎక్కువ విలువ ఇస్తాను.

గుండీ సంగతి కూడా చెప్పాలి. నాలుగవ పదిలో ఏడవ పూస స్థానంలో తెల్లని గుండ్రటి గుండీ ఉంది. వెనుక వైపు దారం దూర్చడానికి చిన్న కన్నం ఉండే రకం. పిల్లలు మొదటిసారి దివ్యసత్ప్రసాదం స్వీకరించే ముందు నెలల్లో అమ్మకు ఊపిరాడనంత పని ఉండేది. ఆడపిల్లలకు తెల్లని గౌనులు ఆమే కుట్టేది. ఒక ఏడాది ఒక పిల్ల తల్లి కొలతలు ఇవ్వడానికి రాలేదు. పిల్ల పూజలో ఎక్కడ కూర్చుంటుందో చూసి, కంటితోనే కొలత వేసుకుని, మిగిలిన గుడ్డ ముక్కలన్నీ కలిపి అమ్మ ఒక గౌను కుట్టి, చీకటిపడ్డాక నాతో పంపింది. అతుకులు ఎక్కడున్నాయో వెతికినా దొరకవు. వీపు మీద ఐదు గుండీలు పెట్టవలసిన చోట నాలుగే పెట్టి, ఐదవది పోయిన పూస స్థానంలో జపమాలకు కుట్టుకుంది. అందుకని, సరిపోయే చెక్క పూస తమ వద్ద ఉందని వారు చెప్పినా గుండీనే ఉంచమన్నాను. ఉన్న కన్నంలోంచి తీగ పోదు గనుక, ఆ కన్నానికి సన్నని వలయం ఒకటి తగిలించి రెండు పక్కల పూసలతో కలిపారు. వేలు ఆనితే గుండీ కొంచెం పక్కకు తిరుగుతుంది. అది లోపం కాదు, మొదటి నుంచీ అలాగే తిరిగేది.

ఆ పిల్ల ఇంటికి గౌను తీసుకెళ్లిన సంగతి ఎవరికీ చెప్పవద్దని అమ్మ నా చేత మాట తీసుకుంది. అలాంటివి ఇంకెన్ని ఉన్నాయో ఆమె పోయిన తరువాత గాని తెలియలేదు. ఆమె కొలతల పుస్తకంలో కొందరి పేర్ల పక్కన చిన్న సిలువ గుర్తులు ఉంటే, డబ్బు ముట్టినట్టు గుర్తు పెట్టుకుందని మేము అనుకున్నాము. భూస్థాపన రోజున ఒక పెద్దావిడ నన్ను పక్కకు పిలిచి, "మీ అమ్మగారికి నేను ఇంకా బాకీ ఉన్నాను తల్లీ, ఎన్నిసార్లు ఇవ్వబోయినా ముట్టిందనే చెప్పేది" అంది. ఇంటికి వచ్చి పుస్తకం తీసి చూస్తే ఆమె పేరు పక్కన సిలువ గుర్తు ఉంది. మా చదువుల ఫీజులకు అప్పు చేసిన సంవత్సరాల్లో కూడా ఆ గుర్తులు తగ్గలేదు. అది మాకు అప్పుడు తెలిసి ఉంటే ఒప్పుకునేవాళ్లమా అన్నది నేను నిజాయితీగా చెప్పలేను. ఇల్లు గడవడమే కష్టమైన రోజులవి.

సూదిపనితో ఇల్లు నడిపిన తల్లులు పునీతుల (సెయింట్ల) జాబితాలోనూ ఉన్నారని అమ్మకు తెలిసినది ఆలస్యంగానే. ఫ్రాన్సులోని అలెన్సోన్ పట్టణపు లేసు ప్రసిద్ధమైనది. లిస్యూ పట్టణపు పునీత తెరేజమ్మ తల్లి జెలీ మార్టిన్ ఆ లేసు వ్యాపారాన్ని సొంతంగా నడిపింది. పనివారు అల్లి తెచ్చిన ముక్కలను అతుకు కనబడకుండా ఒకటిగా కలిపే కష్టమైన పని ఆమె తన చేతుల్లోనే ఉంచుకుంది. తొమ్మిదిమంది బిడ్డలను కని, నలుగురిని పోగొట్టుకుని, 1877లో రొమ్ము క్యాన్సరుతో మరణించింది. 2015 అక్టోబరు 18న ఆమెను, ఆమె భర్త లూయీని ఒకే రోజున పునీతులుగా ప్రకటించినప్పుడు మా అమ్మ ఆమె పటం ఒకటి అడిగి తెప్పించుకుని మిషను సొరుగులో, కత్తెర పక్కన పెట్టుకుంది. పీఠం మీద పెట్టకుండా సొరుగులో ఎందుకు పెట్టావని అడిగితే, పనిచేసే మనిషి పనిముట్ల దగ్గరే ఉంటుందని చెప్పింది.

ఇక పనితనం గురించి. పాత జపమాలల్లో తీగ కొసను ఊరికే కొక్కెంలా వంచి వదిలేస్తారు; ఏళ్ల తరబడి లాగుడు పడేసరికి ఆ కొక్కెం నోరు తెరుచుకుని పూస జారిపోతుంది. అమ్మ జపమాలలో పోయిన రెండు పూసలూ అలా జారినవే. వీరు వేసిన కొత్త లింకుల్లో తీగ కొసను వంచిన తరువాత దాని మెడ చుట్టూ మళ్లీ రెండు మూడు చుట్లు చుట్టారు. అలా చుట్టిన కొక్కెం తీగే తెగాలి తప్ప తెరుచుకోదు. లింకులన్నీ మార్చితే వారికి ఎక్కువ డబ్బు వచ్చేది. అయినా ఒక్కొక్కటీ పరీక్షించి, 17 మార్చితే చాలు, మిగిలినవి ఇంకొన్నేళ్లు ఆగుతాయి అని చెప్పి అవే మార్చారు. తుప్పుపట్టని ఉక్కుతీగ వాడారు. ఇత్తడిలా చెమటకు పచ్చబడదు. కొత్త తీగ పాతదాని పక్కన తెల్లగా కనబడకుండా మెరుపు తగ్గించారు గాని, వెలుతురులో పట్టి చూస్తే తేడా తెలుస్తుంది. నాకది ఇబ్బంది కాదు. కొసలు లోపలికి నొక్కి పెట్టడంలో మాత్రం ఒక్కచోట అశ్రద్ధ జరిగింది: మూడవ పదిలో ఒక తీగ మొన వేలికి గీసుకునేది. సన్నని ఆకురాయితో నేనే నున్నగా చేసుకున్నాను.

నా అసలు ఫిర్యాదు సిలువ గురించి. ఇత్తడి సిలువ మీద క్రీస్తు స్వరూపం పాదాల దగ్గర, మోకాళ్ల దగ్గర అమ్మ బొటనవేలి రాపిడికి నున్నగా అరిగి, మిగతా గుంటల్లో నలుపు పేరుకుని ఉండేది. ఆ నలుపు వల్లే అరిగిన చోటు మెరుస్తూ కనిపించేది. దారాల గురించి, గుండీ గురించి, నూనె గురించి అంత రాసిన నేను సిలువ గురించి ఒక్క మాట రాయలేదు. దానికి మరమ్మతు అవసరం లేదు గనుక ముట్టుకోరనుకున్నాను. వారు దానిని రసాయనంతో కడిగి మెరుగుపెట్టారు. విప్పి చూసేసరికి అంగట్లో కొత్తగా కొన్న సిలువలా మెరుస్తోంది. ఎక్కడ అరిగిందో తెలియడం లేదు. ఆ రోజు నేను ఏడ్చాను. రాసి పంపితే వారు వాదించలేదు. సిలువను శుభ్రం చేయడం తమ మామూలు పద్ధతి అనీ, అడగకపోవడం తప్పేననీ ఒప్పుకుని, ఆ పనికి తీసుకున్న సొమ్ము వెనక్కి పంపారు. చేతి చెమటకు ఇత్తడి మళ్లీ నల్లబడుతుందని కూడా చెప్పారు. అది నిజమే, గుంటల్లో అప్పుడే కొంత నలుపు చేరుతోంది. కానీ ఇకమీదట అరిగేది నా వేలి రాపిడికి. నూనె గురించి ఫోన్ చేసి అడిగిన మనిషే సిలువ గురించి అడగకపోవడం నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. మీరు పంపేటట్టయితే సిలువకు, పతకానికి మెరుగు పెట్టవద్దని విడిగా, స్పష్టంగా రాయండి; కొత్తగా కనిపించాలనుకుంటే అదీ రాయండి.

సమయం విషయంలో కూడా మాట తప్పారు. ఐదు వారాలన్నది తొమ్మిదయింది. 1883లో పదమూడవ లియో పోపుగారు అక్టోబరు నెలంతా జపమాల చెప్పుకోమని కోరినప్పటి నుంచి ఆ నెల జపమాలకు ప్రత్యేకమైనది. వారికి కూడా పని అప్పుడే ముంచుకొస్తుందట. అక్టోబరు 7న వచ్చే జపమాల మాత పండుగకు అమ్మ జపమాల చేతిలో ఉండాలన్న ఆశతోనే ఆగస్టు మూడవ వారంలో పంపాను. పండుగ దాటిన రెండు వారాలకు గాని అది రాలేదు. ఆలస్యమవుతోందని వారంతట వారు ఒక్కసారీ తెలియజేయలేదు. మూడుసార్లు నేనే అడగవలసి వచ్చింది. ఏదైనా పండుగకు కావాలనుకునేవారు నాలుగు నెలల ముందుగా పంపడం మేలు.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ వెనక్కి లాగిన భయం వేరే ఉంది. తీగలు మార్చి, రెండు కొత్త పూసలు వేస్తే అప్పటి ఆశీర్వాదం పోతుందేమో, అది అమ్మ జపమాల కాకుండా పోతుందేమో అని. పంపే ముందే మా విచారణ గురువులను అడిగాను. ఆశీర్వదించిన భక్తి వస్తువుకు ఉన్న ఆధ్యాత్మిక ఫలం ఆ వస్తువు పూర్తిగా నాశనమైతేనో, అమ్ముడుపోతేనో తొలగుతుంది గాని, తెగినదాన్ని అతికించినంత మాత్రాన తొలగదని శ్రీసభ (కతోలిక చర్చి) నియమమని ఆయన చెప్పారు. సంస్థవారు కూడా తమ పత్రంలో ఇదే రాసి, తాము ఆశీర్వాదం ఇవ్వలేమనీ, తీసివేయలేమనీ ఒక్క వాక్యంలో తేల్చారు. తీసేసిన పాత తీగ ముక్కలను పారవేయకుండా చిన్న సంచిలో తిరిగి పంపడం కూడా ఆ గౌరవంలో భాగమే అనుకుంటాను. వాటిని అమ్మ సమాధి దగ్గర మట్టిలో పాతిపెట్టాను.

ఎవరికి సిఫారసు చేస్తానంటే, జపమాలను వాడుకోవడానికే బాగుచేయించుకునేవారికి, దాని కథ రాసి ఇవ్వగల ఓపిక ఉన్నవారికి తప్పక చేస్తాను. తొందర ఉన్నవారు, పది నిమిషాల్లో తెగిన లింకు ఒకటి కలిపితే చాలుననుకునేవారు నగల పనివారి దగ్గరికే వెళ్లవచ్చు. ఆ పనికి ఇంత దూరం అవసరం లేదు. తమ్ముడి దగ్గర నాన్న జపమాల ఉంది, దారంతో ముడివేసినది. దానిని కూడా వీరికే పంపమని చెప్పాను. ఈసారి సిలువ గురించి మొదటి వాక్యంలోనే రాస్తాము.

కొత్తగా వేసిన రెండు పూసలూ మిగతావాటికన్నా కొంచెం లేతరంగులో ఉన్నాయి, ఇంకా నూనె వాసన పట్టలేదు. కళ్లు మూసుకుని చెప్పుకుంటే అవి ఏవో తెలియదు. గుండీ మాత్రం తెలుస్తుంది. నాలుగవ పదిలో ఏడవ మంగళవార్త దగ్గర వేలికి చల్లగా తగిలి పక్కకు తిరుగుతుంది. అక్కడికి వచ్చినప్పుడు అమ్మ ఆ గౌను వేసుకున్న పిల్ల కోసం ఒక మంగళవార్త చెప్పేదని నాకు తెలుసు. ఆ పిల్ల పేరు అమ్మ నాకు చెప్పలేదు. గౌను ఇచ్చిన గుమ్మం మాత్రం గుర్తుంది. పేరు తెలియకుండానే నేనూ అక్కడ ఆ పిల్ల కోసమే చెప్పుకుంటున్నాను.